పాలమూరు, నల్లగొండ పాత కచేరీలు, అదాలతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెబుతున్నది ఏ భవనం గురించి?

దక్షిణ తెలంగాణలో పాత తాలూకా కేంద్రాలలో బస్టాండు దగ్గరనో గడియారం చౌరస్తా దగ్గరనో మందపాటి గోడలు, కమాను వరండా, ఎత్తయిన కప్పు ఉన్న సర్కారీ కట్టడం ఒకటి తరచుగా కనిపిస్తుంది. దాన్ని కొందరు పాత కోర్టు అంటారు, కొందరు పాత తహసీలు అంటారు, ఇంకొందరు ఖజానా అంటారు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలోని అటువంటి కట్టడాల గురించి జనం అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. ఈ కట్టడాల చరిత్ర అర్థం కావాలంటే ముందుగా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒకప్పుడు పన్ను వసూలు, ఖజానా, హవాలాతు (పట్టుకొచ్చినవాళ్లను ఉంచే లాకప్పు), న్యాయవిచారణ అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. తర్వాత వచ్చిన మార్పులన్నీ ఆ కప్పు కింది గదుల పంపకాలే.

కచేరి, అదాలతు, కోర్టు ఒకటేనా?

కావు. కచేరి అంటే సర్కారు దఫ్తరు. ఊళ్లలో పటేలు, పట్వారీ కూర్చుని లెక్కలు చూసిన చోటును మన వైపు ఇప్పటికీ కచ్చీరు అనే అంటారు. అదాలతు అంటే న్యాయస్థానం. సివిలు తగాదాలు చూసేది దివానీ అదాలతు, నేరాలు విచారించేది ఫౌజుదారీ అదాలతు. కోర్టు అనే మాట ఆ తర్వాత స్థిరపడింది. అదాలతు అనే మాట వాడుక నుంచి దాదాపు తప్పుకున్నాక, 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం పుణ్యమా అని లోక్ అదాలత్ రూపంలో మళ్లీ అందరి నోటికీ వచ్చింది. ఈనాటి యువకుడికి అదాలతు అంటే రాజీ కుదిర్చే చోటు; వాళ్ల ముత్తాతకు అదే మాట వింటే గుండె దడ.

మొదట్లో ఈ భవనాలలో తీర్పు చెప్పింది ఎవరు?

రెవెన్యూ అధికారులే. మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాను, అంటే ప్రధానమంత్రి అయ్యాక హైదరాబాదు రాజ్య పాలనను తిరగరాశాడు. 1865లో మొదలైన జిల్లాబందీతో జిల్లాలు, తాలూకాలు ఒక క్రమంలోకి వచ్చాయి. జిల్లాకు పెద్ద అవ్వల్ తాలూక్‌దారు, అంటే ఇప్పటి కలెక్టరు. శిస్తు వసూలు చేయించేది ఆయనే, మేజిస్ట్రేటుగా శిక్ష వేసేది ఆయనే, సివిలు దావా వినేదీ ఆయనే. న్యాయ వ్యవహారాలలో తోడుగా ఆయనకు అదాలత్ మదద్‌గార్ అనే సహాయకుడు ఉండేవాడు. తాలూకా స్థాయిలో తహసీల్దారుకూ చిన్న నేరాలు విచారించే అధికారం ఉండేది.

పాలమూరు విషయంలో మరో సంగతి ఉంది. జిల్లా కేంద్రం మొదట నాగర్‌కర్నూలు. 1883 నుంచి అది పాలమూరుకు మారింది, 1890 డిసెంబరు 4న ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట ఆ ఊరు మహబూబ్‌నగర్ అయింది. కాబట్టి పాత కాగితాలలో నాగర్‌కర్నూలు జిల్లా అని కనబడితే, 2016లో ఏర్పడిన జిల్లాతో దాన్ని కలపకూడదు.

1921లో జరిగిన మార్పు అంత ముఖ్యమైనదా?

నా లెక్కలో ఈ కట్టడాల చరిత్రలో అంతకు మించిన మలుపు లేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1921లో ఇచ్చిన ఫర్మానాతో న్యాయశాఖను పాలనశాఖ నుంచి విడదీశారు. శిస్తు అడిగే చేయీ శిక్ష వేసే చేయీ ఒకటిగా ఉండకూడదన్న ఈ నియమం బ్రిటిష్ ఇండియాలో అప్పటికి మాటల్లోనే ఉంది. స్వతంత్ర భారతంలో కూడా 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమలుకు వచ్చాకనే అది దేశమంతటా ఒకే రీతిగా స్థిరపడింది.

కాగితం మీద విడదీయడం ఒక పూట పని, గోడల మధ్య విడదీయడం వేరు. తహసీల్దారు ఒక హాలులో, మున్సిఫు (కింది స్థాయి సివిలు న్యాయాధికారి) మరో హాలులో కూర్చున్నా బయటి వరండా, చెట్టు కింది వకీళ్లు, నీళ్ల రంజన్లు, స్టాంపులు అమ్మేవాళ్లు ఉమ్మడే. ఖజానా గది మాత్రం రెవెన్యూ వైపే ఉండిపోయింది, ఎందుకంటే స్టాంపు కాగితం ఖజానాలోంచే బయటికి రావాలి. స్టాంపు లేనిదే దావా లేదు. అందుకే న్యాయశాఖ విడిపోయాక కూడా కోర్టు, తహసీలు పక్కపక్కనే పెరిగాయి. స్టాంపు వెండర్లు, దస్తావేజు లేఖరులు, టైపిస్టులు, ఛాయ్ దుకాణం కలిసి ఒక చిన్న బజారుగా స్థిరపడింది కూడా ఆ కారణంగానే. కోర్టు ఇంకో చోటికి పోయినా ఆ బజారు తొందరగా కదలదు. పాత కోర్టు ఎక్కడుండేదో తెలియకపోతే దస్తావేజు లేఖరులు ఎక్కడ కూర్చుంటారో అడగండి.

గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలలో కూడా ఇదే పద్ధతా?

అక్కడి కథ వేరు. పాలమూరు వైపు గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట సంస్థానాలు నిజాముకు పేష్కషు, అంటే కప్పం చెల్లిస్తూ తమ లోపలి పాలన తామే నడుపుకున్నాయి. పెద్ద సంస్థానాలకు సొంత కోర్టులు ఉండేవి. జటప్రోలు సంస్థానానికి రాజధాని కొల్లాపురం. ఈ ఊళ్లలో న్యాయం కోటలోనో, బంగళాలోనో, దివాణం ఆవరణలోనో జరిగేది. అందుకని అక్కడ తాలూకా నమూనా కచేరీ కోసం వెతికితే నిరాశే మిగులుతుంది.

సంస్థానాలు పోయాక ఆ కట్టడాలకు దొరికిన కొత్త కొలువు ఎక్కువగా చదువు. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ నడిచింది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. పెద్ద హాళ్లు, పొడవైన వరండాలు, గాలి ఆడే కిటికీలు ఉన్న కట్టడం తరగతి గదులకు సులభంగా సరిపోతుంది.

మా ఊరి పాత కోర్టు గుమ్మం మీది రాతిలో 1340 అని ఉంది. అంటే ఎప్పటిది?

ముందు ఆ సంవత్సరం ఫసలీనా, ఇస్లామీయ హిజ్రీనా చూడాలి. హైదరాబాదు రాజ్యంలో సర్కారీ లెక్కలకు ఫసలీ సంవత్సరం వాడేవారు. అక్టోబరులో ఆజూరు నెలతో అది మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే దాదాపుగా మన సంవత్సరం వస్తుంది. ఆ లెక్కన 1340 ఫసలీ అంటే 1930-31. అదే 1340 హిజ్రీ అయితే 1921-22. తొమ్మిదేళ్ల తేడా. న్యాయశాఖ విడిపోయిన కాలం ఈ మధ్యలోనే ఉంది కనుక, ఈ పొరపాటు వల్ల ఒక కట్టడం తహసీలుగా పుట్టిందా కోర్టుగా పుట్టిందా అన్నదే తలకిందులవుతుంది. సాధారణంగా సంవత్సరం పక్కనే ఫసలీ అనో హిజ్రీ అనో చెక్కి ఉంటుంది. సున్నం పూతల కింద ఆ మాట కప్పబడిపోయి అంకెలు మాత్రం మిగులుతాయి.

అంకెలు చదవడంలోనూ జాగ్రత్త అవసరం. ఉర్దూ లిపిలో సున్నా అంటే ఒట్టి చుక్క. మనకు సున్నాలాగా కనిపించేది అయిదు. ఈ ఒక్కటి తెలియక 1350ని 1305గా చదివి, భవనానికి నలభై అయిదేళ్ల వయసు పెంచినవాళ్లను నేను చూశాను.

అప్పటి కోర్టులలో ఏ భాష నడిచేది?

1884 దాకా ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ. కక్షిదారులలో అత్యధికులది తెలుగు. వాదన ఒక భాషలో, సాక్ష్యం మరో భాషలో, రాత ఇంకో రకంగా సాగిన ఈ వ్యవహారం నుంచే మన తెలుగులోకి వకీలు, దావా, జప్తు, జామీను, వాయిదా, పేషీ, హాజరు, నకలు, రాజీ, పంచనామా వంటి మాటలు వచ్చి చేరాయి. వీటిని ఇప్పుడెవరూ పరాయి మాటలనుకోరు.

ఒక మాట మాత్రం దారిలో తిరగబడింది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, వాది. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఈ తిరకాసు మా ఇంటికి గట్టిగానే తగిలింది. మా తాత కాలపు తీర్పు నకలు ఒకటి పెట్టెలో ఉండేది. ఉర్దూ కాస్త కూడబలుక్కుని చదవగల బంధువు ఒకాయన తాత పేరు ముందు ముద్దయీ అని ఉందని చెప్పడంతో, తాత మీద ఏదో కేసు పడిందని మా నాయన తరం వాళ్లు ఏళ్ల తరబడి నమ్మి, ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తేవారు కాదు. చివరికి ఆ కాగితాన్ని మా పక్క వీధి మౌల్వీ సాబ్ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన అద్దాలు సవరించుకుని రెండు పంక్తులు చదివి, "దావా వేసిందే మీ తాత బిడ్డా, గెలిచింది కూడ ఆయననే" అన్నాడు. తగాదా ఒక బావి నీళ్ల వంతు గురించి. తీర్పులో ఖర్చుల కింద పడిన సొమ్ము హాలీ, అంటే నిజాము రాజ్యపు సొంత రూపాయల లెక్కలో ఉంది. హాలీ రూపాయలు ఏడిస్తే బ్రిటిష్ కల్దారు రూపాయలు ఆరు వచ్చేవి కాబట్టి, పాత తీర్పులలో సొమ్ము చదివేటప్పుడు అది ఏ సిక్కానో కూడా చూసుకోవాలి.

భాష విషయం కోర్టు గోడల మధ్యనే ఆగలేదు. 1921 నవంబరు 12న హైదరాబాదులో జరిగిన సభలో ఆలంపల్లి వేంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ అవమానం ఆంధ్ర జనసంఘం పుట్టుకకు దారి తీసింది. దాని కొనసాగింపుగా వచ్చిన నిజామాంధ్ర మహాసభ రెండో సమావేశం 1931లో మన దేవరకొండలోనే జరిగింది. దానికి అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావు కూడా వకీలే, పాలమూరు వాడే. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి కూడా న్యాయశాస్త్రం చదివి వచ్చినవాడే.

సాయుధ పోరాటం కేసులు ఈ కోర్టులలోనే నడిచాయా?

ముఖ్యమైన కేసులు ప్రత్యేక ట్రిబ్యునళ్ల ముందు నడిచాయి. అవి మామూలు మున్సిఫు, సెషన్స్ కోర్టుల వరుసలోనివి కావు. నల్లగొండ జిల్లాలో 1948లో జరిగిన ఘటనలకు సంబంధించి కొందరు రైతు కార్యకర్తలకు ట్రిబ్యునలు 1949 ఆగస్టులో మరణశిక్ష విధించింది. హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేసింది. కేసు సుప్రీంకోర్టుకు చేరినప్పుడు డి.ఎన్. ప్రిట్ అనే బ్రిటిష్ బారిస్టరు వారి తరఫున వాదించారు. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాదు రాష్ట్రం అనే పేరుతో న్యాయ విద్యార్థులు ఇప్పటికీ ఆ తీర్పులు చదువుతారు. హైకోర్టు తీర్పులు 1950 జనవరి 26కు ముందే వెలువడ్డాయి గనుక, రాజ్యాంగం ఇచ్చిన అప్పీలు అధికారం వాటికి వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ ఉరిశిక్షలు అమలు కాలేదు.

"ఉరిశిక్ష వేసింది మా కోర్టు హాల్లోనే" అనే మాట చాలా ఊళ్లలో వినిపిస్తుంది. తీర్పు ప్రతిలో స్థలం పేరు చూడనిదే దాన్ని ఫలకం మీదికి ఎక్కించడం తగదు.

గద్వాల, అలంపురం, కొడంగల్ పాత దస్తాలు మహబూబ్‌నగర్‌లో దొరకడం లేదు. ఎందుకు?

1956 దాకా ఆ తాలూకాలు ఈ జిల్లాలో లేవు కనుక. గద్వాల, అలంపురం రాయచూరు జిల్లాలోనివి, కొడంగల్ గుల్బర్గా జిల్లాలోనిది. 1956 నవంబరు 1న భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఈ తెలుగు తాలూకాలు ఇటు వచ్చాయి, మిగతా జిల్లా కర్ణాటక వైపు పోయింది. అంతకు ముందు నాటి పై కోర్టు వ్యవహారం వెతకాలంటే రాయచూరు, గుల్బర్గా పేర్లతో వెతకాలి.

కోర్టు వెళ్లిపోయాక భవనాన్ని దేనికి వాడుతున్నారు?

దీనికి ఒక్క జవాబు చెప్పలేము, కానీ ఎప్పుడెప్పుడు మారిందో చెప్పవచ్చు. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిశాక అధికారుల పేర్లు మారాయి, అవ్వల్ తాలూక్‌దారు కలెక్టరు అయ్యాడు, గదులు మాత్రం పెద్దగా మారలేదు. 1974 తర్వాత మేజిస్ట్రేటు కోర్టులు పూర్తిగా హైకోర్టు అజమాయిషీలోకి వచ్చాయి. రెవెన్యూ వారికి మిగిలింది శాంతిభద్రతలకు సంబంధించిన అధికారం. ఎన్నికల ముందు ఫలానా వాళ్లను తహసీల్దారు ముందు బైండోవరు చేశారని, అంటే గొడవ చేయబోమని పూచీ రాయించుకున్నారని పేపర్లో చదువుతాం కదా, పాత కచేరీలో ఒకే మనిషి చేతిలో ఉండిన న్యాయాధికారంలో అది చివరి తునక.

1985 మే 25న మండలాలు రావడంతో తాలూకా అనే అంచె పోయింది. ఒక తాలూకా కచేరీ చేసిన పని కొన్ని మండల కార్యాలయాలకు పంచారు. పాత కచేరీలో ఒక మూల మండల కార్యాలయం, ఇంకో మూల సబ్ ట్రెజరీ, మరో మూల సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, మిగిలిన గదిలో విరిగిన కుర్చీలు. పాత కచేరీ అనగానే చాలామందికి గుర్తొచ్చే రూపం ఇదే. 2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలుగా, ఉమ్మడి మహబూబ్‌నగర్ ముఖ్యంగా నాలుగు జిల్లాలుగా విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా జిల్లా అయింది. 2022 జూన్ 2న కొత్త జ్యుడిషియల్ జిల్లాలు ప్రారంభమయ్యాయి. నిన్నటి దాకా మున్సిఫు కోర్టు ఉన్న ఊరికి జిల్లా జడ్జి వచ్చాడు. హాళ్లు చాలక ఖాళీగా పడి ఉన్న సర్కారీ భవనాలను వెతుక్కోవలసి వచ్చింది. కోర్టు నుంచి ఆఫీసుగా, ఆఫీసు నుంచి గోదాముగా దిగజారిన కట్టడానికి తిరిగి కోర్టు హోదా దక్కే అవకాశం అలా ఏర్పడింది.

రాజధానిలోనూ ఇదే ప్రశ్న నడుస్తోంది. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం చాలడం లేదని, రాజేంద్రనగర్ వైపు 100 ఎకరాలలో కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు.

ఏ గది దేనికి వాడారో చూసి గుర్తుపట్టవచ్చా?

చాలావరకు గుర్తుపట్టవచ్చు. అన్నిటికన్నా మందమైన గోడ, ఒకే తలుపు, చిన్న ఇనుప చువ్వల కిటికీ ఉన్నది ఖజానా. దాని ముందు పోలీసు గార్డు నిలబడేందుకు కాస్త చోటు వదిలి ఉంటుంది. కిటికీ మనిషి ఎత్తుకు మించి ఉంటే అది హవాలాతు. నేల ఒక వైపు జానెడు ఎత్తుగా లేచి ఉన్న పెద్ద హాలు ఇజ్లాసు, అంటే న్యాయాధికారి కూర్చున్న చోటు. తర్వాత ఎవరైనా నేల చదును చేసి ఉంటే షాబాదు బండల వరుసలో తేడా వల్ల ఆ వేదిక గీత తెలుస్తుంది.

సాక్షి బోను మిగిలి ఉంటే దాని పై కమ్మీని ఒకసారి చేత్తో తడిమి చూడండి. పక్క కొయ్యలు గరుకుగానే ఉంటాయి, ముందు కమ్మీ మాత్రం రెండు చేతుల వెడల్పున గాజులాగా నునుపు తేలి ఉంటుంది. దేవుని ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నానంటూ దాన్ని పట్టుకుని నిలబడినవాళ్ల అరచేతులు చేసిన నునుపు అది.

గోడలు పెచ్చులూడుతున్నాయి. సిమెంటు పూస్తే సరిపోదా?

సరిపోదు, చెడుతుంది. ఈ గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక కలిపి ఎద్దులు తిప్పే గానుగలో రాతి చక్రం కింద నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం వంటివి చేర్చి వాడేవారు. అటువంటి గోడ తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. పైన సిమెంటు పూస్తే లోపలి తేమకు బయటికి దారి ఉండదు. అది పైకి ఎక్కి, ఉప్పుగా పేరుకుని, రెండు మూడు వానలకే పూతను పలకలు పలకలుగా తోసేస్తుంది. అప్పుడు పాత గోడ పనికిరాదని రాసేస్తారు. కూల్చివేత ఫైళ్లకు మూలం చాలాసార్లు గోడ కాదు, దానికి చేసిన మరమ్మతు.

కప్పు మీద మొలిచిన రావి మొక్కను చిన్నప్పుడే వేరుతో సహా తీయించడం, వాననీటి తూములు శుభ్రంగా ఉంచడం, పాత కరెంటు వైర్లు మార్చడం, ఈ మూడు పనులకు పెద్ద ఖర్చు కాదు. నిప్పు సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. 2009 ఆగస్టు 31న హైదరాబాదు హైకోర్టులో జరిగిన అగ్నిప్రమాదంలో గ్రంథాలయం కాలిపోయింది.

వందేళ్లు దాటిన భవనానికి చట్టరక్షణ తనంతట తానే వస్తుందా?

రాదు. తెలంగాణ వారసత్వ చట్టం 2017లో వచ్చింది. దాని కింద రక్షణ దొరకాలంటే ఆ కట్టడాన్ని ప్రభుత్వం గుర్తించి ప్రకటించాలి. అడగదలచినవారు భవనం ఫొటోలు, గుమ్మం మీది రాత, సర్వే నంబరు, ప్రస్తుతం ఏ శాఖ అధీనంలో ఉన్నదో జతపరిచి దరఖాస్తు పెట్టుకోవాలి. శాఖ ఏదో తేల్చుకోవడమే కష్టమైన భాగం: స్థలం రెవెన్యూది, వాడకం న్యాయశాఖది, మరమ్మతు రోడ్లు భవనాల శాఖది కావచ్చు.

మా పెద్దల కేసు తీర్పు నకలు కావాలి. పాత భవనంలో దొరుకుతుందా?

భవనంలో దొరకదు, రికార్డు గదిలో దొరకవచ్చు. కోర్టు మారినప్పుడు దస్తాలు కోర్టుతో పాటే పోతాయి. కేసు నంబరు, సంవత్సరం, కక్షిదారుల పేర్లు, కోర్టు పేరు ఇచ్చి నకలు దరఖాస్తు పెట్టాలి. దావా రిజిస్టరు దొరికితే సగం పని అయినట్లే. గడువు దాటిన కాగితాలు నిబంధనల ప్రకారం నాశనం చేస్తారు, తీర్పులు, డిక్రీలు మిగతా వాటికంటే ఎక్కువ కాలం ఉంచుతారు. ఆన్‌లైన్‌లో ఈ-కోర్ట్స్‌లో వెతికితే దొరికేవి ఇటీవలి కేసులే. నిజాం కాలపు పాలనా దస్తాలకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి వెళ్లాలి. ఉర్దూ, ఫారసీ చదివే మనిషిని వెంట తీసుకుపోవడం మంచిది. డబ్బు లెక్కలు రఖం అనే ప్రత్యేక గుర్తులలో ఉంటాయి, వాటిని చదివేవాళ్లు ఇంకా తక్కువ.

లోపలికి వెళ్లి చూడవచ్చా?

కోర్టు నడుస్తున్న భవనమైతే పని దినాలలో ఎవరైనా హాలులో వెనక కూర్చుని విచారణ చూడవచ్చు. ఫోను మూసి పెట్టాలి, ఫొటోలు తీయకూడదు. ఆఫీసుగా మారిన భవనమైతే అక్కడి అధికారిని ముందుగా అడగాలి. ఉదయం పదిన్నరకు వెళితే మేలు. ఆ సమయానికి బంట్రోతు వరండాలోకి వచ్చి, కక్షిదారు పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చేర్చి మూడుసార్లు కేకేస్తాడు. ఎత్తయిన కప్పు వల్ల ఆ కేక గేటు బయటి చింతచెట్టు దాకా వినిపిస్తుంది. కొత్త భవనాలలో అదే పేరును మైకులో పిలిస్తే మెట్ల దగ్గర నిలబడ్డ మనిషికి కూడా సరిగా అందదు.